మేట్రనుగారి ముడి

ఇల్లుబండి అని దానికి పేరు పెట్టింది వెల్డరు భార్య. అంతకుముందు అది స్కూలు పిల్లల్ని మోసిన మినీబస్సు. వెల్డరు దాని సీట్లన్నీ పీకేసి, కిటికీల కింద అరలు కొట్టి, వెనక మంచం, మంచం కింద నీళ్ల ట్యాంకు, ఇద్దరు నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలే వంటగట్టు, దాని పక్కన బీరువా అంత స్నానాల గది అమర్చుకున్నాడు. అంతా తన చేతిపనే. రోజంతా డ్యూటీ చేసి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక మళ్లీ రెంచీ పట్టుకునేవాడు.

వంతెనలకు రెయిలింగులు బిగించడం అతని పని. ఒక వంతెన అయితే ఇంకో వంతెన, ఒక ఊరు అయితే ఇంకో ఊరు. కిందటేడంతా అతను రేకుల షెడ్లలో పడుకుంటే, ఆమె అద్దెగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఫోనులో కాపురం చేసింది. మళ్లీ ఇంకో ఏడాది అలా గడపడం ఇద్దరి వల్లా కాదు. కుట్టుమిషనుకి ఏ ఊరైతేనేం, బండిలోనే పెట్టేద్దాం అన్నాడతను. ఆమెకి ఇష్టమే. కానీ ఇష్టం వేరు, ధైర్యం వేరు.

"మా అమ్మ వచ్చి రెండు రోజులు ఉండి, సరే అంటే వస్తా," అంది. "ఆవిడ ఉండగలిగిన చోట ఎవరైనా ఉండగలరు."

"అనకపోతే?"

"అమ్మతో వెళ్లిపోతా. నువ్వు నీ వంతెనల మీద ఉండు."

ఆమె తల్లి ఆడపిల్లల హాస్టలులో మేట్రను. ఏ గదిలో అడుగు పెట్టినా ముందు వాసన చూస్తుంది, తర్వాత మూలలు చూస్తుంది, ఆఖరున మనుషుల్ని చూస్తుంది. అల్లుణ్ణి పెళ్లినాడు కూడా ఆ వరసలోనే చూసిందని వెల్డరు అనుమానం. ఆవిడ ఎక్కడికి వెళ్లినా సంచిలో ఒక పురికొస ఉండ ఉంటుంది. దానితో కట్టే ముడి ఒకటుంది. మూడు చుట్లు చుట్టి, కొసని లోపలికి దోపి, పైన చిన్న చెవి వదులుతుంది. లాగిన కొద్దీ బిగుస్తుంది. చెవి పట్టుకుని వెనక్కి వంచితేనే విడుతుంది. హాస్టలు స్టోరు గదిలో గోతాల మూతులకి కట్టే ముడి అది. ఎవరైనా విప్పి మళ్లీ కడితే, ఎంత జాగ్రత్తగా కట్టినా, ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి రోజు బాగానే గడిచింది. మైదానం గోడ పక్కన బండి ఆపారు. ఆవిడ అరలు లాగి చూసింది, మంచం మీద కూర్చుని ఊగి చూసింది, కుళాయి తిప్పి చూసింది. తిప్పగానే బుర్రుమని, కట్టగానే నోరు మూసుకునే పంపు చప్పుడు విని, "మోటారు కొత్తదేనా అల్లుడుగారూ?" అంది.

"కొత్తదాని లాంటిదే అత్తయ్యగారూ," అన్నాడు వెల్డరు.

భార్య కిటికీలోంచి బయటికి చూసింది. ఆ పంపు, పాతసామాన్ల దుకాణంలో ముక్కలు చేస్తున్న ఒక పడవలోంచి ఊడదీసింది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

సాయంత్రం ట్యాంకు నిండా నీళ్లు పట్టాడు. అత్తగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే గొప్ప సర్టిఫికెట్టు అనుకుని అతను హాయిగా పడుకున్నాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి తలుపు పక్కన రెండు మూటలు కట్టి ఉన్నాయి. ఒకటి అత్తగారిది. రెండోది భార్య బట్టలది. మధ్యాహ్నం బస్సుకి అత్తగారి ప్రయాణం. రెండో మూట సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ ఏ సంగతైనా తేలే దాకా రెండు వైపులా సిద్ధంగా ఉంచే మనిషి.

అప్పుడు భార్య పళ్లు తోముకుంటూ పిలిచింది. "ఏమండీ, నీళ్లు సన్నగా వస్తున్నాయి."

తల్లి ముందు 'ఏమండీ', తల్లి లేనప్పుడు 'ఇదిగో నిన్నే'. ఆ 'ఏమండీ'లో చిన్న వణుకుంది. వెల్డరు వెళ్లి చూసేసరికి చిటికెన వేలంత ధార దారప్పోగంత అయింది. దారప్పోగు కాస్తా చుక్కలయింది. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పంపు మాత్రం ఊరుకోలేదు. బుర్రుమనాల్సింది గుర్రుమంటూ, జలుబు చేసిన మనిషి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మోగుతూనే ఉంది.

"నిన్న కొత్తదాని లాంటిదే అన్నారు," అంది అత్తగారు, మంచం మీద దుప్పటి మడతపెడుతూ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"రెండు నిమిషాలు అత్తయ్యగారూ," అని స్విచ్చి కట్టేశాడు.

ముందు కరెంటు వైపు నుంచి మొదలుపెట్టాడు. ఫ్యూజు తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు, బాగానే ఉంది. టెస్టు దీపం వైర్లకి ఆనిస్తే నిండుగా వెలిగింది. అంటే బ్యాటరీ తప్పు లేదు. మోటారు తిరుగుతోంది కాబట్టి మోటారు తప్పూ లేదు. ట్యాంకు మూత బిగుతుగా ఉంది. పక్కన చిన్న గాజుగొట్టంలో నీటిమట్టం చూస్తే సగం పైనే ఉంది. నీళ్లున్నాయి, మోటారు తిరుగుతోంది, మధ్యలో ఎక్కడో దారి లేదు. లేకపోతే ఆ పడవ పంపు లోపలి రబ్బరు చిరిగింది. అది చిరిగితే కొత్త పంపు రావాలి. కొత్త పంపు ఈ పూటకి రాదు. మధ్యాహ్నం బస్సు మాత్రం వస్తుంది.

మంచం పలకలు ఎత్తి, లోపలికి తల దూర్చి, ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉన్న ఫిల్టరు పట్టుకున్నాడు. గుప్పెట్లో పట్టే గిన్నె లాంటిది, లోపల జల్లెడ. మర తిప్పి వదులు చెయ్యగానే హుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. ఎవరో పళ్ల సందున గాలి పీల్చినట్టు. దాన్ని అతను పట్టించుకోలేదు. జల్లెడలో ఏ బెడ్డముక్కో కనిపిస్తుందని ఆశ. చూస్తే అద్దంలా ఉంది. అయినా చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఊది, మళ్లీ బిగించి, స్విచ్చి వేశాడు.

నీళ్లు ధారగా దూకాయి.

"వచ్చాయి," అంది భార్య. ఈసారి వణుకు లేదు.

"జల్లెడలో నలక పడింది," అన్నాడు వెల్డరు. లేని నలకని వేలితో చూపించి దులిపేశాడు కూడా.

అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. వెల్డరు టీ గ్లాసు అందుకున్నాడు. సగం తాగాడో లేదో లోపల్నుంచి నెమ్మదైన గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ."

"చెప్పండి అత్తయ్యగారూ."

"నా మొహం నిండా సబ్బుంది. నీళ్లు లేవు."

భార్య తాగే నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తింది. పంపు మళ్లీ గుర్రుమంటోంది. అత్తగారు సీసా నీళ్లతో కళ్లు కడుక్కుని, చెవుల దగ్గర తెల్లటి చార మిగిలిపోయిన మొహంతో బయటికి వచ్చి, గడియారం వైపు చూసి, కుర్చీలో కూర్చుంది. హాస్టలులో ఆలస్యంగా వచ్చిన పిల్ల కోసం కూర్చునే కుర్చీ ఎలా ఉంటుందో వెల్డరుకి తెలిసొచ్చింది.

ఫిల్టరు మళ్లీ విప్పాడు. మళ్లీ హుస్సు. బిగించాడు. నీళ్లు వచ్చాయి, కాసేపు నడిచాయి, సన్నబడ్డాయి, ఆగిపోయాయి. మూడోసారీ అదే తంతు. ఇక తన తల పనిచెయ్యడం లేదని ఒప్పుకుని స్నేహితుడికి ఫోను చేశాడు. ఆటో ఎలక్ట్రీషియను అతను, అందరూ డైనమో అంటారు. చేతులు తడిగా ఉన్నాయని ఫోను మంచం పలక మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"విప్పితే వస్తున్నాయా? బిగిస్తే ఆగిపోతున్నాయా?" అంది డైనమో గొంతు. "అయితే విప్పే ఉంచు."

"ఒరేయ్, మా అత్తగారు ఉన్నారు. వేళాకోళం వద్దు."

"ఉన్నారా? నమస్కారం చెప్పు. ఆ పడవ పంపు వద్దురా, ఎన్నేళ్లు ఉప్పునీళ్లు తాగిందో ఏమో అని మొత్తుకున్నానా లేదా? తీసి అవతల..."

వెల్డరు మోచేత్తో నొక్కి స్పీకరు ఆపేశాడు. నెమ్మదిగా తల తిప్పి చూశాడు. అత్తగారు వంటగట్టు దగ్గర గ్లాసులు తుడుస్తోంది. ఆవిడ వీపు చూసి ఏమీ చెప్పలేం. గ్లాసు తుడిచే లయ మారలేదు. వినలేదులే అనుకున్నాడు. భార్య పెదవులు బిగబట్టి అతని వైపు చూసి, కళ్లతోనే 'ఇప్పుడు చెప్పేస్తావా?' అని అడిగింది. అతను చూపు తప్పించి మళ్లీ మంచం కింద దూరాడు.

ఈసారి పంపు మీద కాదు, ట్యాంకు మీద టార్చి వేశాడు. అది తెల్ల ప్లాస్టిక్కు ట్యాంకు, నాలుగు పక్కలా బల్లపరుపుగా ఉండాలి. అలా లేదు. స్ట్రాతో సీసా అడుగు పీల్చే పిల్లాడి బుగ్గల్లా రెండు పక్కలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. వెల్డరు దాన్ని వేలితో నొక్కి చూశాడు. హుస్సుమన్న చప్పుడు ఇప్పుడు చెవిలో మళ్లీ మోగింది. ఫిల్టరు విప్పినప్పుడల్లా గాలి లోపలికి పోతోంది. పోయిన గాలి మేరకే నీళ్లు బయటికొస్తున్నాయి. అంటే పంపు నిక్షేపంలా ఉంది. ట్యాంకుకే ఊపిరాడటం లేదు.

ట్యాంకు మూతకి దుమ్ము పోకుండా రబ్బరు వేసి బిగించింది తనే. అందుకే గాలి కోసం విడిగా ఒక గొట్టం పెట్టి, బండి పక్కగోడలోంచి వేలెడు బయటికి తీశాడు. టార్చి పట్టుకుని కిందికి దిగి, వెనక చక్రానికి పైన గోడ మీద చూశాడు.

గొట్టం మూతికి రొట్టె ప్యాకెట్టు కవరు కప్పి ఉంది. దాని మీద పురికొస. మూడు చుట్లు, కొస లోపలికి, పైన చిన్న చెవి.

వెల్డరుకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. తెల్లారిన దగ్గర్నుంచీ తనకి తల ప్రాణం తోకకొచ్చింది. నోరు లేని పంపు మీద నింద. ఆఖరికి చేసింది ఎవరు? ఒక్క కేక వేసి ఆవిణ్ణి ఇక్కడికి పిలిచి చూపిస్తే చాలు. ఆ కేక గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడ రెండో మూట గుర్తొచ్చి ఆగిపోయింది. అత్తగారి తప్పు నిరూపించి గెలిచిన అల్లుడు ఏ బస్సుకి ఎవర్ని ఎక్కించాల్సి వస్తుందో అతనికి తెలియనిది కాదు. చెవి పట్టుకుని వెనక్కి వంచాడు. ముడి విడిపోయింది. గొట్టం హుస్సుమని పీల్చుకుంది, లోపల ట్యాంకు బుగ్గ 'డబ్' అని పొంగింది. కవరూ పురికొసా జేబులో కుక్కుకున్నాడు.

లోపలికి వెళ్లి, వంటగట్టు మీదున్న టీ వడపోత తీసుకుని, కత్తెరతో దాని జాలీ గుండ్రంగా కోశాడు. భార్య నోరు తెరిచింది.

"కొత్త వడపోత."

"ఇంకోటి కొంటాలే. దొరికింది జబ్బు. గాలి గొట్టంలో ఏదో కాగితం అడ్డం పడింది."

మళ్లీ బయటికొచ్చి జాలీ గొట్టానికి చుట్టి క్లిప్పు బిగిస్తుంటే వెనక అడుగుల చప్పుడయింది. అత్తగారు. మొహం మీద సబ్బు చార ఇంకా అలాగే ఉంది.

"నేను కట్టిన కవరు ఏదీ?"

వెల్డరు స్క్రూడ్రైవరు రెండు తిప్పులు ఎక్కువ తిప్పాడు.

"నిన్న సాయంత్రం కట్టాను," అంది ఆవిడ. "తాగే నీళ్ల గొట్టం అలా నోరు తెరుచుకుని ఉంటే ఎలా? మా హాస్టలులో ఒకసారి పైపులోంచి ట్యాంకులో బల్లి పడి, సగం మంది పిల్లలు మంచం పట్టారు. అప్పట్నుంచి నాకు ఎక్కడ కన్నం కనిపించినా చెయ్యి ఊరుకోదు."

"మీరన్నది నిజమే అత్తయ్యగారూ. జాలీ నేను ముందే పెట్టాల్సింది. కానీ పూర్తిగా మూస్తే ట్యాంకుకి గాలాడదు. ఇలా రండి, ఒకసారి బొటనవేలు దీని మీద పెట్టండి." లోపలికి వినపడేలా, "కుళాయి తిప్పు," అన్నాడు.

ఆవిడ జాలీ మీద వేలు ఆనించింది. లోపల పంపు బుర్రుమంది. కాసేపట్లో ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"లాగుతోందే," అంది. "దూడ చీకినట్టు లాగుతోంది."

"నీళ్లు తగ్గుతున్నాయి," అని కేకేసింది భార్య లోపల్నుంచి.

ఆవిడ వేలు తీసింది. "వచ్చాయి," అంది లోపలి గొంతు. ఆవిడ మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. కొత్త ఆట దొరికిన దానిలా ఇంకోసారి కూడా చేసింది. తర్వాత వేలు చీరకి తుడుచుకుని అల్లుడి వైపు తిరిగింది.

"అయితే నీళ్లు ఆపింది నేనే."

"మీకు తెలియక..."

"నేను తెలిసి చేశానో తెలియక చేశానో అడగలేదు. కాగితం అడ్డం పడిందని దానికి చెప్పావు. విన్నాను. నా కవరు నీ జేబులో ఉంది. పురికొస బయటికి వేలాడుతోంది చూసుకో."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అతన్ని 'మీరు' అనే అంది. ఇవాళ మొదటిసారి 'నువ్వు' వచ్చింది. అది దగ్గరితనమో దండనో అతనికి అంతుపట్టలేదు. భార్య తడిచేతులతో మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

"మీరు నొచ్చుకుంటారని," అన్నాడు వెల్డరు.

"నేను నొచ్చుకుంటే సాయంత్రానికి మర్చిపోతాను. నా భయం అది కాదు. రేపు ఏ ఊరి చివరో ఈ బండిలో ఏదో చెడుతుంది. చెడని వస్తువు నేను చూడలేదు. చెడినప్పుడల్లా అమ్మాయిని భయపెట్టకూడదని నువ్వు జేబులో పెట్టుకుంటూ పోతే, ఆఖరికి బ్రేకులు పోయినా కాగితం అడ్డం పడిందంటావు. మా దగ్గర వంటమనిషి అన్నం మాడ్చినా నేనేం అనను. మాడింది దాచి పైపైన వడ్డిస్తేనే పంపించేస్తాను." అతని జేబు వైపు చూసింది. "ఇంకేం ఉన్నాయి జేబులో?"

వెల్డరు తల వంచుకుని గొట్టం వైపు చూశాడు. అత్తగారు వంతెన తనిఖీకి వచ్చిన ఇంజనీరులా కదలకుండా నిలబడింది. ఇక దాటవేయడానికి దారి లేదు.

"పంపు కొత్తది కాదు," అన్నాడు. "పాత పడవలోంచి తీసింది. విప్పి, కడిగి, రబ్బర్లు మార్చాను. బాగానే నడుస్తుంది. కానీ కొత్తది కాదు."

"ఊఁ."

"వెనక తలుపు గొళ్లెం ఎత్తుపల్లాల్లో ఊడిపోతోంది. ప్రస్తుతానికి తీగ చుట్టాను."

"చూశాను. ఇంకా?"

"పైకప్పు కిటికీ మూల వాన పడితే కారుతుంది."

"అది నాకు కూడా చెప్పలేదు," అంది భార్య. "మంచం మీది కిటికీయేనా? ఏ మూల?"

"నీ వైపు."

"నా వైపా?"

"అందుకే చెప్పలేదు."

భార్యకి నవ్వు తన్నుకొచ్చింది. తల్లి మొహం చూసి మింగేసింది. అత్తగారి మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

"పడవ సంగతి ఫోనులోనే విన్నాను," అంది. "ఆ అబ్బాయికి ఎంత గొంతు. నువ్వు చెప్తావా లేదా అని చూశాను."

వెల్డరు జేబులోంచి కవరూ పురికొసా తీసి అందించాడు. ఆవిడ పురికొసని వేళ్లకి చుట్టి ఉండలో కలిపింది. కవరు మడిచి సంచిలో వేసుకుంది. దేన్నీ పారేసే అలవాటు లేదు. తర్వాత తల పైకెత్తి ఆకాశం చూసింది. మబ్బు ముక్క లేదు.

"వాన ఎప్పుడు పడుతుంది?"

"ఇప్పట్లో పడేట్టు లేదు అత్తయ్యగారూ."

"అయితే నువ్వే నీళ్లు పొయ్యి. పైకెక్కు. నేను లోపల్నుంచి చూస్తాను, ఎంత కారుతుందో, ఎక్కడ కారుతుందో. మాటల్లో కారడం వేరు, మంచం మీద కారడం వేరు."

వెనక నిచ్చెన మీంచి వెల్డరు బండి పైకెక్కాడు. భార్య లోపల కుళాయి కింద బకెట్టు పెట్టింది. పంపు బుర్రుమంది, బకెట్టు నిండగానే నోరు మూసుకుంది. ఆమె బకెట్టు తెచ్చి తాడు కొసకి కట్టింది. కట్టిన ముడి సగమే తల్లిది. మిగతా సగం కంగారుది. అతను పైకి లాక్కున్నాడు.

"పోస్తున్నా," అన్నాడు.

"పొయ్యి," అంది లోపల్నుంచి అత్తగారు.

నీళ్లు కిటికీ అద్దం మీద పరుచుకుని అంచు చుట్టూ తిరిగి జారాయి. అద్దంలోంచి కింద ఆవిడ కనిపిస్తోంది. తల వెనక్కి వాల్చి, చెయ్యి చాపి, అరచెయ్యి పైకి పెట్టి నిలబడింది. సబ్బు చార ఆ ఎండలో మెరిసింది.

"ఇదిగో, పడింది. ఈ మూల. ఉండు, కింద ఏదైనా వెయ్యనీ, మంచం తడిసిపోతోంది."

అత్తగారు అద్దంలోంచి పక్కకి తప్పుకుంది. వెల్డరు మోకాళ్ల మీద కూర్చుని అద్దానికి కళ్లానించి చూశాడు. ఆవిడ తలుపు దగ్గర వంగి, రెండో మూట ముందుకు లాక్కుని, ముడి చెవి పట్టుకుని వెనక్కి వంచింది. బట్టల్లోంచి ఒక పాత తువ్వాలు వెతికి తీసి మంచం మీద కారే చోట పరిచింది. మిగతా బట్టలు ఒక్కొక్కటే దులిపి, కిటికీ కింది అరలో సర్దడం మొదలుపెట్టింది.

మైదానం అవతల రోడ్డు మీద మధ్యాహ్నం బస్సు హారను కొట్టింది. ఎవరూ ఎక్కకపోయినా ఒక క్షణం ఆగి వెళ్లిపోయింది.

"ఇంకో బకెట్టు," అంది అత్తగారు లోపల్నుంచి. "ఈసారి నెమ్మదిగా పొయ్యి. ఎక్కణ్ణుంచి మొదలవుతోందో చూడాలి."

కింద భార్య కుళాయి తిప్పింది.